ఒక బండి, రెండు ఆయిళ్లు

పట్టణంలో ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషిని అందరూ వాల్వుల అన్న అంటారు. పొద్దున్నే మోటారుసైకిలు మీద బయల్దేరి, వీధి మొదట్లో ఇనుప మూత ఎత్తి, పొడవాటి కడ్డీతో వాల్వు తిప్పి, మూత వేసి, మళ్లీ బండెక్కుతాడు. అలా వీధి వీధీ తిరిగి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరతాడు. మనిషి మంచివాడే. కాకపోతే అడక్కుండా మేలు చేసే జబ్బు ఒకటుంది. వెనకింటావిడ తొట్టి నిండడం లేదని జాలిపడి కాస్త ఎక్కువసేపు నీళ్లు వదిలి, ఆవిడ వంటగది ముంచిన ఘనుడు.

మధ్యాహ్నం దాకా ఆ బండి ఆయనది, ఆ తరువాత తమ్ముడిది. తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. పని ఎక్కడెక్కడో పడుతుంది. పెద్ద రోడ్డెక్కి ఎండలో ఏకధాటిగా పోతే గాని చేరలేడు. అమ్మానాన్నలు పోయేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. పెంచింది, చదివించింది, బండి నేర్పింది అన్నే. వాడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ ఊహించుకోలేదు.

బండికి ఇంజన్ ఆయిల్ మార్చే రోజు వచ్చిందంటే మెకానిక్ షెడ్డులో ఇద్దరికీ వాదన. అన్న సెమీ సింథటిక్ అంటాడు, తమ్ముడు ఫుల్ సింథటిక్ అంటాడు.

"ఈ వీధిలోంచి ఆ వీధిలోకి పోయే బండికి ఫుల్ దేనికిరా, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?"

"నీకు వీధులే అన్నయ్యా. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఇంజను మీద చెయ్యి పెట్టి చూడు, కాలిపోతుంది."

షెడ్డు మేస్త్రీ ఇద్దరికీ సర్దిచెప్పేవాడు. దగ్గర తిరుగుళ్లకైతే సెమీ చాలు, దూరం పోతూ బాగా వేడెక్కే బండికైతే ఫుల్ మేలు, ఇందులో తగువేముందని ఆయన మాట. తగువు ఉండాలనుకునేవాళ్లకు ఉండనే ఉంటుంది. ఇద్దరిలో ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు. చివరికి ఒకసారి సెమీ, ఒకసారి ఫుల్ అని ఒప్పందం చేసుకుని, నవ్వుకుంటూ ఒకే బండి మీద ఇంటికి వచ్చేవాళ్లు.

ఆ నవ్వులకు అన్నే నీళ్లు వదిలేశాడు. ఒకరోజు తమ్ముడు పని నుంచి మొహం పాలిపోయి వచ్చాడు. చిన్నప్పుడు మేడ మెట్లెక్కాలంటేనే వాడు ఏడ్చేవాడని అన్నకు గుర్తొచ్చింది. మర్నాడు వాడికి చెప్పకుండా లిఫ్టుల కంపెనీ ఆఫీసుకు వెళ్లి, మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మావాడికి ఎత్తులంటే భయమండీ. కింద ఏదైనా పని ఇప్పించండి."

ఆ గదిలో తమ్ముడి తోటివాళ్లు నలుగురున్నారు. పాలిపోవడానికి కారణం ఆ పూట తిండి లేకపోవడమేనని తరువాత తెలిసింది. ఈలోగా తమ్ముడికి పేరు పడిపోయింది: గ్రౌండ్ ఫ్లోర్. లిఫ్టు బాగుచేసేవాణ్ణి గ్రౌండ్ ఫ్లోర్ అని పిలిస్తే వాడు ఏ మొహం పెట్టుకుని పై అంతస్తుకు ఎక్కుతాడు?

ఆ రోజు నుంచి తమ్ముడు అన్నతో మాట్లాడలేదు. తప్పు ఒప్పుకోవడం అన్నకూ చేతకాలేదు. రెండేళ్లు ఇంట్లో వదినే టెలిఫోను.

"ఏమోయ్, బండిలో పెట్రోలు తక్కువుందని చెప్పు."

"వదినా, విన్నానని చెప్పండి."

"ఇద్దరూ ఒక్క గదిలోనే చచ్చారు కదా, మధ్యలో నేనెందుకు?" అని ఆవిడ కూర గరిట గిన్నెకేసి కొట్టేది.

ఒక మధ్యాహ్నం ఆవిడే భర్తకు కంచం పెడుతూ సంగతి చెప్పింది. దూరాన పెద్ద పట్టణంలో పని చూసుకుంటావా, అక్కడే ఉండిపోవాలి అని కంపెనీవాళ్లు మరిదిని అడుగుతున్నారట. ఇంకా ఏమీ తేల్చుకోలేదట.

వెళ్లొద్దని వాడితో చెప్పడానికి వాల్వుల అన్నకు నోరు రాలేదు. అందుకని తనకు తెలిసిన పద్ధతిలో ఆలోచించాడు. బండి దారిలో ఇబ్బంది పెట్టకపోతే వాడు రోజూ ఇంటికొస్తాడు. రోజూ ఇంటికి రాగలిగినవాడు ఇల్లొదిలి ఎందుకు పోతాడు? మర్నాడు ఇంజను పక్కనున్న గాజు బిళ్లలోంచి చూస్తే ఆయిల్ తక్కువగా కనిపించింది. సైడు స్టాండు మీద ఒరిగిన బండిలో ఆయిల్ కూడా ఆ బిళ్లకు అవతలివైపు ఒరుగుతుందని ఆయనకు తట్టలేదు. సెమీ డబ్బా ఒకటి కొని పంపుగదిలో దాచుకుని, చూసినప్పుడల్లా కాస్త పోస్తూ వచ్చాడు.

తమ్ముడి పనిముట్ల సంచిలో ఫుల్ డబ్బా ఉందని ఆయనకు తెలియదు. దూరం పోయొచ్చే బండి ఆయిల్ తాగేస్తుందని, పొద్దున అన్న నడిపేటప్పుడు ఆగిపోకూడదని, వాడూ అప్పుడప్పుడూ కాస్త పోస్తున్నాడు. నోరు విప్పి ఒక్క ముక్క అనుకుని ఉంటే సరిపోయేది. మాటలు కరువైన ఇంట్లో ఆయిల్‌కు మాత్రం కరువు లేకుండా పోయింది.

చివరికి ఒక పొద్దున, సగం వీధులకు నీళ్లు వదిలాక, బండి గుప్పుగుప్పున పొగ వదిలి మొరాయించింది. ఎయిర్ ఫిల్టరు పెట్టెలోంచి ఆయిల్ కారుతోంది. వాల్వుల అన్న బండిని షెడ్డుదాకా తోసుకుపోయాడు. మేస్త్రీ తొట్టి పెట్టి ఆయిల్ దించుతుంటే అది ఎంతకీ ఆగలేదు.

"ఇందులో పట్టేది లీటరే అన్నా. ఇంకో అరలీటరు ఎవరి పుణ్యం?"

బండి ఆగిందని వదిన కబురు చేస్తే అప్పుడే వచ్చిన తమ్ముడు గుమ్మంలో నిలబడి, "నేనూ పోశాను" అన్నాడు.

'నేనూ' అన్నాడంటే తను పోసిన సంగతి వాడు పోల్చుకున్నాడన్నమాట. వాల్వుల అన్న తొట్టివైపు చూశాడు. సెమీ ఏదో ఫుల్ ఏదో తెలియకుండా అంతా ఒకటే నల్లటి ఆయిల్.

మేస్త్రీ లోపలంతా శుభ్రం చేసి చేతులు తుడుచుకున్నాడు. "ఇంజనుకేం కాలేదు. ఇప్పుడేది పొయ్యమంటారు? ఇద్దరూ ఒక్క మాట చెప్పండి."

"ఫుల్ పోసెయ్యి. వాడు దూరం పోయేవాడు" అన్నాడు అన్న. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

"వద్దు. సెమీయే పొయ్యండి" అన్నాడు తమ్ముడు.

వాల్వుల అన్నకు ప్రాణం లేచొచ్చింది. వాడు తనకోసం తగ్గాడనుకున్నాడు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేద్దామనుకునే లోపలే తమ్ముడు ఆ మాట పూర్తిచేశాడు.

"ఇక అది వీధుల్లోనే కదా తిరిగేది. నేను అక్కడ గది తీసుకున్నాను. బండి నువ్వే ఉంచుకో అన్నయ్యా."

రెండేళ్ల తరువాత అన్నయ్యా అని పిలిపించుకున్నాడు, పిలిచి వాడు చెప్పింది ఇది. కంపెనీ ఆఫీసు ఎక్కడుందో ఆయనకు తెలుసు. మేనేజరు ముందు ఎలా నిలబడాలో కూడా తెలుసు. వెళ్లి బతిమాలితే బదిలీ ఆగుతుందేమో. కాళ్లు అటే లాగాయి కూడా. అయినా ఆయన షెడ్డులో ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు.

"ఎంత దూరం?" అన్నాడు.

"ఆగకుండా పోతే మూడు గంటలు."

"ఆదివారాలు గదిలోనే ఉంటావా?"

"ఉంటాను."

"నేను వస్తే... పర్వాలేదా?"

అన్న నోట అలాంటి ప్రశ్న తమ్ముడెప్పుడూ వినలేదు. "రా అన్నయ్యా" అన్నాడు.

మేస్త్రీ అప్పటికే సెమీ డబ్బా మూత తిప్పుతున్నాడు. వాల్వుల అన్న లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అది కాదు. ఫుల్లే పోసెయ్యి."