కొలంబో కోర్టు గడియారాన్ని నేను సరిచేసిన వైనం

గురువారం, జూలై పన్నెండు. ఉదయం తొమ్మిది గంటల ముప్పై నిమిషాలు. కొలంబో నగరం మీద జల్లెడ పట్టినట్టు సన్నని వాన. తెలంగాణ వచ్చిన నాలుగేళ్లకు జరిగిన సంగతి ఇది. పై వివరాలలో వారం నిజం, తేదీ నిజం, వాన నిజం. గంట ఒక్కటే అబద్ధం. ఆ ఒక్క అబద్ధం వల్ల నా కూతురికి దక్కవలసిన బిడ్డ దక్కకుండా పోబోయింది. ఆ అబద్ధాన్ని ముంజేతికి కట్టుకుని తలెత్తుకు తిరిగిన ఘనుణ్ణి నేనే.

ఆలేరు వైపు ఒక చిన్న రైల్వే స్టేషనులో మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోలు ఆఫీసు వారు ఫోనులో సరైన సమయం చెప్పేవారు. నేను స్టేషను గడియారం ముల్లు దిద్దేవాణ్ణి. ఉద్యోగకాలమంతా అలా దిద్దిన మనిషికి ఒక జబ్బు మిగులుతుంది. పెళ్లికి వెళ్లినా వధూవరుల కంటే ముందు గోడ గడియారాన్నే చూస్తాడు.

మా సుజాత, అల్లుడు రవీందర్ భువనగిరిలో ఉద్యోగస్థులు. సంతానం లేదు. రవీందర్ కంపెనీ పని మీద కొలంబోలో ఉన్న ఏడాదిలో, అక్కడి అనాథాశ్రమంలో నిల్మిణి అనే పసిపిల్లను చూసి మనసు పారేసుకున్నాడు. దత్తతకు రెండు దేశాల అనుమతులూ వచ్చేసరికి ఆ పిల్లకు నాలుగేళ్లు నిండాయి. ఇక మిగిలింది జూలై పన్నెండు ఉదయం తొమ్మిదిన్నరకు కోర్టు విచారణ. ఆ రోజు తప్పితే కోర్టుకు సెలవులు. మళ్లీ వాయిదా వచ్చేలోగా వీరి వీసాలు ముగుస్తాయి. వాళ్లిద్దరూ రెండు వారాల ముందే వెళ్లారు. పెద్దదిక్కుగా, ముఖ్యంగా సమయపాలన నిమిత్తం, విచారణకు ముందు రోజు నేనూ దిగాను. ఎవరూ రమ్మనలేదు.

నా వద్ద ఒక సామాన్య విజ్ఞాన పుస్తకం ఉండేది. శ్రీలంక సమయం భారతదేశం కంటే అరగంట ముందు అని అందులో స్పష్టంగా ఉంది. అచ్చులో ఉన్న అంకె మీద నాకు గల విశ్వాసం కన్నబిడ్డల మీద కూడా లేదు. విమానంలోనే గడియారాన్ని అరగంట ముందుకు తిప్పాను.

తెల్లవారింది మొదలు ఇద్దరినీ తరిమాను.

“ఏంది బాపూ, గిట్ల ఉరికిస్తున్నవ్? నా ఫోన్ల ఇంకా ఎనిమిదిన్నరనే” అంది సుజాత.

“నీ ఫోను ఇంకా మన ఇంటి టైమే చూపెడ్తాంది బిడ్డా. గీడ తొమ్మిదైంది.”

“మామా, రెండు వారాలసంది గీ టైముకే తింటున్నం, గీ టైముకే పంటున్నం. ఏం ఫరక్ రాలే” అన్నాడు రవీందర్.

“గందుకే అన్నిటికి ఆలస్యమైతున్నరు!”

“పోనీ తియ్యి సుజాతా. జర ముందుగాల పోతే మునిగేదేముంది?” అని అల్లుడు గొణిగాడు. చదువరులు గమనించండి, నన్ను ఆపగలిగిన చివరి అవకాశాన్ని అతను అలా వదిలేశాడు.

కోర్టుకు చేరేసరికి నా గడియారంలో సరిగ్గా తొమ్మిదిన్నర. జడ్జి లేరు. గుమాస్తా లేడు. పిల్లను తీసుకురావలసిన అధికారిణి లేదు. ఒక మనిషి మాత్రం తీరుబడిగా ఊడుస్తున్నాడు. నా రక్తం ఇంజను బాయిలరులా ఉడికింది. ఒక పసిబిడ్డ బతుకు తేలవలసిన చోట ఇంత అలసత్వమా? తలెత్తి చూస్తే కారణం గోడ మీదే ఉంది. గడియారం తొమ్మిది చూపిస్తున్నది! అరగంట వెనక! మన స్టేషనులో అయితే ఇంతటి నేరానికి సంజాయిషీ అడిగేవారు.

కూతురూ అల్లుడూ వరండాలో వకీలు కోసం చూస్తున్నారు. నేను బల్ల ఎక్కి, ముల్లు దిద్ది, దిగి, చేతులు దులుపుకున్నాను.

కాసేపటికి టీ కప్పుతో గుమాస్తా వచ్చాడు. గోడ వైపు చూశాడు. కప్పు అక్కడే పెట్టి లోపలికి పరుగెత్తాడు. జడ్జిగారు నల్లకోటు సవరించుకుంటూ వచ్చారు. మా పేర్లు పిలిచారు.

“పిల్ల ఏది?” అన్నారు ఆవిడ ఇంగ్లీషులో. అక్కడి మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. నేను తెలుగులో రాస్తున్నాను. “పిల్ల లేకుండా నేనేం వినాలి? సెలవుల తర్వాతకు వాయిదా.”

సుజాత నా చెయ్యి పట్టుకుంది. “బాపూ, అయిపాయె... నా బిడ్డ ఇగ రాదు.”

అప్పుడే తడిసిన గొడుగుతో అధికారిణి, ఆమె కొంగు పట్టుకుని నిల్మిణి, వెనకే మా వకీలు లోపలికి వచ్చారు. నేను లేచాను. “అమ్మా, తమ దేశంలో సమయానికి విలువ లేదా? ఒక తల్లి గుండె ఆగిపోతున్నది, తెలుసా?”

ఆమె నిర్ఘాంతపోయి చేతి గడియారం చూపింది. “తొమ్మిదీ పావు. నేను పావుగంట ముందే వచ్చానే!”

జడ్జిగారు తమ గడియారం చూసుకున్నారు. తర్వాత గోడ గడియారం చూశారు. “దాన్ని ఎవరు ముట్టుకున్నారు?”

“నేనేనమ్మా” అన్నాను సగర్వంగా. “అరగంట వెనకబడి ఉంటే సరిచేశాను. కృతజ్ఞతలు అక్కరలేదు.” పుస్తకం సంగతీ విన్నవించాను.

“ఆ పుస్తకం ఎప్పటిది?”

తేదీల విషయంలో నేను అబద్ధమాడలేను. “రెండు వేల ఒకటి.”

“మా దేశం మీ సమయానికి మారి పన్నెండేళ్లయింది. మీరేం ఉద్యోగం చేసేవారు?”

“స్టేషను మాస్టరు.”

“పాపం, ప్రయాణికులు” అన్నారు ఆవిడ. “బల్ల ఎక్కండి. ఎలా ఉన్నదో అలా పెట్టండి. ఈ కేసు అసలు తొమ్మిదిన్నరకే వింటాను.”

నిండు కోర్టులో మళ్లీ బల్ల ఎక్కాను. అల్లుడు నా కాళ్లు పట్టుకున్నాడు. “మామా, కదలకుండ్రి. పడితే దవాఖానల కూడ మీ టైమే పెడ్తరు.” బల్ల ఊగింది, నేను ఊగాను. నిల్మిణి పకపకా నవ్వింది. నవ్వి, సుజాత ఒళ్లోకి ఎక్కి, నన్ను చూపిస్తూ మెల్లగా సింహళంలో ఏదో అడిగింది.

“ఏమంటున్నది?” అన్నారు జడ్జిగారు.

అధికారిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “వీళ్లతో వెళితే ఆ తాత కూడా ఉంటాడా అని అడుగుతున్నదండీ.”

జడ్జిగారు కలం మూత తీశారు. “ఉంటాడమ్మా. దురదృష్టవశాత్తు ఆయన కూడా ఉంటాడు” అని, అసలు తొమ్మిదిన్నరకు కాగితాలన్నీ చూసి సంతకం చేశారు.

కావున పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పరాయి గోడకు వేలాడే ఏ గడియారాన్నీ తాకను. అది ఆగిపోయి ఏడుస్తున్నా సరే, దుమ్మయినా తుడవను. ఆ పుస్తకం అచ్చువేసినవారిని మాత్రం ఈ జన్మలో క్షమించను.

తుది లెక్క: మా ఇంటి నుంచి కొలంబోకు వెళ్లినవారు ముగ్గురు. తిరిగి వచ్చినవారు నలుగురు.