ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి

ఈ సాయంత్రం బద్వేలులో మా ఇంట్లో ఫోను ముందు కూర్చున్నాను. తెర మీద ఆన్‌లైన్ సైకాలజిస్టు మేడమ్, ఆమె పక్క గడిలో కర్నూలు నుంచి నా కొడుకు. నేను పాస్టరును; వాడి కాపురంలోని గొడవను చర్చి ప్రసంగంలో ఉదాహరణగా చెప్పాను. ఎనిమిది నెలలుగా వాడు నాతో మాట్లాడలేదు. ఈ రోజు మాట్లాడాడు.

"మా ఇంటి రట్టు సంఘమంతా ఇనేటట్టు ఎందుకు చెప్తివి నాయనా? మేం తల యాడ పెట్టుకోవల్ల?"

అలవాటు కొద్దీ "ప్రార్థన చేసుకుందాం" అని కళ్లు మూసుకున్నాను. తండ్రికి లోబడే మనసు వీడికియ్యి ప్రభువా అని గట్టిగా వేడుకున్నాను. ఆమేన్ అని కళ్లు తెరిస్తే వాడు తెర మీద లేడు.

"అయ్యగారూ, ఆ ప్రార్థన దేవునికా, అబ్బాయికా?" అన్నారు మేడమ్.

ఒళ్లు మండింది. ఆమెకు వాక్యం చూపించాలని బైబిలు తెరిచాను. పిల్లలు లోబడాలన్న వాక్యం కింద నా ఎర్ర గీత రెండు వరుసలుంది. దాని తర్వాతే, పిల్లలకు కోపం రేపొద్దని తండ్రులకు రాసిన మాట కింద గీతే లేదు.

ఫోను చేస్తే వాడు ఎత్తడం లేదు. "తప్పు నాదే" అని మెసేజ్ రాశాను. కింద ఒక బైబిలు వాక్యం కూడా చేర్చి, చెరిపేశాను. ఇంకా పంపలేదు. కన్నబిడ్డను క్షమాపణ అడిగిన తండ్రులెవరైనా ఉంటే చెప్పండయ్యా, ఆ తర్వాత నోరు ఎట్లా మూసుకున్నారు?