ఫ్రిజ్‌లో కూర్చున్న ఒంటె

మొన్న కార్ఖానా ఏరియాలో ఒక మందుల దుకాణం ముందు నిలబడి ఉండగా లోపల పాతకాలపు ఫోన్ గణగణ మోగింది. నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. పక్కనున్నవాళ్ళు వింతగా చూశారు. నాకు మాత్రం రజియా మేడం గుర్తొచ్చారు.

రజియా మేడం బోయిన్‌పల్లిలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు బాగుచేసే చిన్న సర్వీస్ సెంటర్ నడిపేవారు. అక్కడ ఫోన్లు ఎత్తడం నా మొదటి ఉద్యోగం. పదో తరగతితో చదువు ఆగిపోయినా, గ్రంథాలయంలో కూర్చుని తెలుగు బాగా నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. ఫోనులోనూ ఆ తెలుగే మాట్లాడేవాణ్ణి. "నమస్కారం. దయచేసి మీ సమస్యను వివరించండి." చాలామంది పెట్టేసేవారు. ఒకావిడ నన్ను రికార్డింగ్ అనుకుని ఒకటి నొక్కింది. కాసేపాగి రెండు నొక్కింది.

"తెలుగు కోసం మూడు నొక్కమని చెప్పన్నా" అన్నాడు మెకానిక్ సలీం. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. "నెలాఖరు దాక చూస్తా బేటా. కాల్స్ గిట్లనే పోతే వేరేటోళ్ళను పెట్టుకోవాలె" అన్నారు. అప్పుడు మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కడినే.

సాయంత్రం చాయ్ రాగానే మేడం పని ఆపించి అందరిచేతా ఒక ఆట ఆడించేవారు. దాని పేరు 'అవు మల్ల'. ఒకరు నోటికొచ్చిన అబద్ధం చెప్పాలి. పక్కవాడు కాదనకూడదు, "అవు మల్ల" అని ఒప్పుకుని ఇంకో ముక్క కలపాలి. ఎందుకని అడిగితే, "ఒకని మాట ఒకడు వినకుంటే మెట్ల మీద మోసే ఫ్రిజ్ ఎవని కాలు మీదనో పడతది" అనేవారు.

నా వంతు వచ్చినప్పుడు సలీం, "పొద్దుగాల ఫ్రిజ్ తెరిస్తే లోపల ఒంటె కూసున్నది" అన్నాడు.

"ఒంటె పరిమాణం దృష్ట్యా అది అసంభవం" అన్నాను.

చాయ్ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు.

"అసంభవమని మాకు సుత ఎరుకే బేటా" అన్నారు మేడం. "అయినా కూసున్నది. ఏమంటుందో జెర అడుగు."

చదివిన పుస్తకాలేవీ అక్కరకు రాలేదు. "అవు మల్ల... తలుపు ఎయ్యమంటున్నది. లైటుకు నిద్ర పడ్తలేదట" అన్నాను. సలీం నా వీపు మీద ఒకటి చరిచాడు.

ఆ నెల ముగిసేలోపే తిరుమలగిరి నుంచి ఒక ముసలావిడ ఫోన్ చేసింది. "బిడ్డా, మా ఫ్రిజ్ ఏడుస్తున్నది." 'దయచేసి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "అవు మల్ల, ఎట్ల ఏడుస్తున్నదమ్మా?" అన్నాను. ఆమె టకటకమని, ఆపైన కిర్రుమని చేసి వినిపించింది. నేను అదే చప్పుడు సలీంకు చేసి వినిపించాను. "లోపటి ఫ్యానుకు ఐసు తగులుతున్నది" అన్నాడు. వెళ్ళి చూస్తే అదే. నెలాఖరున మేడం ఉద్యోగం సంగతి ఎత్తనేలేదు. చాయ్ రాగానే, "ఇయ్యాల ఆట నువ్వు షురూ చెయ్" అన్నారు.

కొన్నేళ్ళకు సెంటర్ మూతపడ్డాక కూడా ఆమెను చూడటానికి వెళ్ళేవాణ్ణి. ఆఖరిసారి వెళ్ళినప్పుడు మంచం మీద ఉన్నారు. "మోకాళ్ళు నా మాట వింటలేవు బేటా" అన్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి అప్పటికి చాలా చదివి ఉన్నాను. ఏ వ్యాయామం మంచిదో చెప్పబోయి ఆగాను. "ఏమంటున్నయి మేడం?" అని అడిగాను. ఆమె నవ్వి, చెప్పడం మొదలుపెట్టారు. కాసేపు మోకాళ్ళ గురించి, తర్వాత పోయిన భర్త గురించి, చివరికి చావంటే తనకున్న భయం గురించి. అంతకుముందు అది ఎవరికీ చెప్పలేదట. నేను కుర్చీని మంచం దగ్గరికి జరుపుకుని విన్నాను. ఇప్పుడామె లేరు. ఆ రోజు చెప్పిన మాటలు నా దగ్గరున్నాయి.