ఖాసిం రక్తంలో అరవై నాలుగు లక్షలు

“...గని అది నా రక్తమే అని నీకెట్ల ఎరుక? సీసా మారలేదని ఏం గ్యారంటీ?”

“సీసా మీద మీ పేరుంది చాచా. నేనే రాసిన.”

“రాసింది నువ్వే, లెక్కవెట్టింది నువ్వే. ఇగ నేనెవర్ని అడగాలె?”

మెట్‌పల్లిలోని ఆ చిన్న ల్యాబులో స్తుతి రక్త పరీక్షలు చేస్తుంది. ఆమెతో తగువు పెట్టుకున్నది కాంటాల ఖాసిం. అంగడిలో పసుపు తూచే కాంటాలు బాగుచేయడం ముప్పై ఐదేళ్లుగా అతని పని. ఏ అంకెనూ ఒక్క తూకంతో నమ్మడు. జ్వరమొస్తే థర్మామీటరును తన చంకలో ఒకసారి, భార్య అజీజా చంకలో ఒకసారి పెట్టి చూస్తాడు.

సూదిమొనంత రక్తంలో ఎర్రకణాలు అరవై నాలుగు లక్షలని కాగితంలో ఉంది. యాభై ఐదు దాటకూడదు. పోయిన వారమూ ఇంతే వచ్చింది. రక్తం చిక్కబడుతోందని, మళ్లీ ఎక్కువే వస్తే సోమవారం హైదరాబాద్ వెళ్లి ఎముక మూలుగ తీయించి చూడాలని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఖాసిం ఇంట్లో సరిగా మాట్లాడటం లేదు.

“గీ మిషన్‌ను ఆఖరుకు ఎప్పుడు సరిచూసిన్రు?”

“రోజూ పొద్దుగాల. లెక్క ముందే తెలిసిన రక్తం కంపెనోళ్లు పంపుతరు. అది పోసి చూస్తం. ఇగో, మీ రక్తం చూసిన దినం, నిన్నటిది.”

ఖాసిం ఆ చీటీ రెండుసార్లు చదివాడు. తనూ అంతే. సర్కారు ముద్ర ఉన్న తూకపు బాటు పెట్టి చూశాకే కాంటా విప్పుతాడు.

“మిషన్ తప్పు లేదు. అంటే తప్పు నాలోనే ఉన్నదా?”

“యుమ్నా అబ్బా, జర ఆ పిల్లను మాట్లాడనీయండి,” అంది పక్కనే కూర్చున్న అజీజా. భర్తను ఆమె కూతురి పేరుతోనే పిలుస్తుంది.

“రక్తమిచ్చే ముందు నీళ్లు తాగిన్రా చాచా?”

“రంజాన్ రోజా ఉన్నోడు నీళ్లెట్ల తాగుతడు? పరగడుపున రమ్మన్నది మీరే. ఎట్లనో ఉపాసమే గద అని సాయంత్రం అసర్ నమాజయినంక వచ్చిన. రెండుసార్లు గంతే.”

“పొద్దంత నీళ్లు లేక గీ ఏప్రిల్ ఎండల ఉండి ఇచ్చిన్రా? పరగడుపంటే నీళ్లు బందు అని కాదు చాచా. పప్పుల నీళ్లు ఇగిరితే పప్పు పెరగదు, గంటెకు చిక్కగ వస్తది. మీ కణాలు గట్లనే కావచ్చు.”

“కావచ్చు అంటున్నవ్. ఖాయం అంటలేవు.”

“ఖాయమని నేనెట్ల అంట? బీడీలకు కూడా పెరుగుతయి. మీ జేబుల కట్ట కనవడుతుంది.”

“ఇఫ్తార్ కాంగనే ఖర్జూరం ఒక చేతిల, బీడీ ఒక చేతిల,” అంది అజీజా.

“రెండు దినాలు పగలు కూడా మంచిగ నీళ్లు తాగి, మూడో దినం ఇస్తే తెలుస్తది. అది సుత చూపియ్యండి డాక్టరుకు.”

పదిహేనో ఏటినుంచి ఖాసిం ఒక్క రోజా తప్పలేదు. ఒక ఏడు జ్వరమొస్తే, రోగముంటే వదిలి తర్వాత తీర్చుకోవచ్చని మౌల్వీ సాబ్ చెప్పాడు. ఇది రోగమేనని ఎవరు తేల్చారని ఆయన్నే అడిగాడు.

స్తుతి చీటీలు సర్దుకుంటోంది. ఖాసిం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇవ్వాళ బుధవారం. రేపటి సంది మూడు రోజాలు వదులుతున్న. శనివారం పొద్దుగాల రక్తమిస్త.”