పదును పెట్టిన మేనమామ

ఆ రోజుల్లో ఫొటోలో ఎక్కడ మెత్తదనం కనబడినా అది ఎవరో చేసిన తప్పేనని, దాన్ని సరిదిద్దడానికే నేను పుట్టానని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ పూర్తయి, ఏ ఉద్యోగమూ తగలక, చీపురుపల్లిలో మా బావ (అంటే మా అక్క భర్త) నడిపే స్టూడియోలో ఎడిటర్‌గా చేరాను. బావ ఫొటోలు తీసేవాడు, నేను కంప్యూటర్లో దిద్దేవాణ్ణి. దిద్దడమంటే నా దృష్టిలో పదును పెట్టడమే. కనురెప్పల వెంట్రుకలు లెక్కకు రావాలి, పట్టుచీరలో పోగు పోగూ కనబడాలి. పెళ్ళికూతుళ్ళు తమ మొటిమలు చూసుకుని నొచ్చుకుంటే, పాపం వాళ్ళకు కళ తెలియదని సరిపెట్టుకునేవాణ్ణి. బావ మాత్రం వెనక నిలబడి, "ఒరే, ఆ మొకాలు సూడరా, గరుకు కాగితం నాగున్నాయి" అనేవాడు.

నాకీ పిచ్చి ఊరికే పట్టలేదు. మా పాత కెమెరాలో సెన్సార్ ముందు (వెలుతురును పట్టి బొమ్మగా మార్చే పలకే సెన్సార్) ఒక పలుచని గాజు ఫిల్టర్ ఉండేది. సన్నగీతల బట్టల మీద లేనిపోని రంగులు అలలు అలలుగా రాకుండా, అది బొమ్మనంతటినీ పిసరంత మెత్తబరిచేది. ఆ పోయిన పిసరును నేను కంప్యూటర్లో వెనక్కి తెచ్చేవాణ్ణి. తరవాత బావ విజయనగరం వెళ్ళి కొత్త కెమెరా కొన్నాడు. ఇందులో ఆ ఫిల్టర్ లేదని, బొమ్మ పదునుగానే పుడుతుందని, ఇక నా చెయ్యి తగ్గించుకోవాలని నాకు రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తల ఊపి, పాత కెమెరాకు అలవాటైన కొలతనే కొత్త బొమ్మలకూ పెట్టాను. (ఉడికిన అన్నాన్ని మళ్ళీ ఎసట్లో వేసినట్టు, అని మా అక్క తరవాత అంది.)

ఆ కెమెరాతో తీసిన మొదటి పెళ్ళి పక్క ఊళ్ళోనే జరిగింది. పెళ్ళికూతురి తల్లికీ, కళింగపట్నంలో ఉండే ఆవిడ తమ్ముడికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. గొడవ ఎక్కడ మొదలైందో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదట. మేనమామ బుట్టలో తేవలసిన పెళ్ళికూతుర్ని వరసకు మేనమామ అయ్యే ఇంకొకాయన తెచ్చాడు. తీరా భోజనాలైపోయి, చుట్టాల్లో చాలామంది బస్సులకు వెళ్ళిపోయాక, అప్పగింతల వేళకు అసలు మేనమామ వచ్చాడు. చీకటిగా ఉన్న గుమ్మం ముందు, తన అక్క వెనక నిలబడ్డాడు. బావ ఒక్క ఫొటో తీశాడు. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క ఫొటోకీ నేను శక్తివంచన లేకుండా పదును పెట్టాను. ఆయన తల చుట్టూ, భుజాల చుట్టూ తెల్లటి గీత తేలింది. సన్నచారల చొక్కా మీద ఇంద్రధనుస్సు పారింది. కంటి కింద ఏదో తెల్లటి చుక్క మెరిస్తే, సెన్సార్ మీద దుమ్మనుకుని తుడిచేశాను. పని బాగా కుదిరిందనుకున్నాను కూడా.

మా వైపు ఒక అలవాటుంది. పెళ్ళికి సెలవు దొరకని వాళ్ళను, కాలం చేసిన తాతలను పాత ఫొటోల్లోంచి కత్తిరించి గ్రూపు ఫొటోలో నిలబెట్టిస్తారు. మేమూ వారానికొకరిని అలా నిలబెట్టేవాళ్ళం. కత్తిరించిన అంచు తెల్లగా మిగిలిపోతుంది, అందుకని మనిషి చుట్టూ తెల్లగీత కనబడితే అతను రాలేదని అర్థం. ఆ సంగతి మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆల్బమ్ ఇచ్చిన వారానికి పెళ్ళికూతురి తల్లి దాన్ని సంచిలో పెట్టుకుని స్టూడియోకి వచ్చింది.

"ఏటి బాబూ, మా తమ్ముణ్ణి అతికించినారా?"

"లేదమ్మా, మీ వెనకే నిలబడ్డారు కదా."

"నిలబడినాడని నాకు తెలుసు. మా ఆడబడుసు ఒప్పుకోదు. తమ్ముడు రాకపోతే పరువు కోసం ఫొటోలో పెట్టించుకున్నానని, అదిగో గీత అని అందరికీ సూపిస్తన్నాది. ఆ మాట కళింగపట్నం ఎల్లిపోనాది. అతికించిన మనిసికి రాకపోకలేటి, ఇంకెప్పుడూ మీ గడప తొక్కనని మా తమ్ముడు కబురెట్టినాడు." సంచిలోంచి ఆల్బమ్ తీసి నా ముందు పెట్టి, "తొమ్మిదేళ్ళకి వచ్చినాడు బాబూ" అంది.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నేను ఎక్కువ మాట్లాడతాను కాబట్టి, సెన్సారు, దాని ముందు గాజు, అది ఉంటే ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది అంతా ఆవిడకు వివరించాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"నీ గాజు ఉంటే నాకేటి, లేకపోతే నాకేటి. మా తమ్ముడు వచ్చినట్టు సూపించు."

"అసలు ఫొటో తియ్యరా. నువ్వు సెయ్యెట్టనిది" అన్నాడు బావ.

తీశాను. గీత లేదు. చొక్కా చారల మీద రంగులు ఉండీ లేనట్టున్నాయి. ఆయన గుమ్మం ముందు మామూలు మనిషిలా నిలబడి ఉన్నాడు. ఆవిడ ముందుకు వంగి తెర మీద వేలు పెట్టింది.

"కంటి కింద ఇదేటి?"

పెద్దది చేసి చూపించాను. దుమ్ము కాదు. కంటి కొసలోంచి చెంప మీదికి జారుతున్న చుక్క, దాని వెనక సన్నటి తడి.

"దుమ్మనుకుని నేనే తుడిచేశానమ్మా" అన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా మిగల్లేదు.

ఆవిడ చాలాసేపు చూసింది. "నా ఎనకాలే నిలబడి ఏడిసినాడు. నాను సూడనేదు" అంది మెల్లగా. తరవాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇదే తీసియ్యి. దీనికేటీ సెయ్యకు. అతికించిన మనిసి ఏడుస్తాడేటి? మా ఆడబడుసుని సెప్పమను" అంది. ప్రింటు చేతికి అందగానే శ్రీకాకుళం బస్సు ఎన్నింటికో అడిగింది. అక్కడ దిగి కళింగపట్నం బస్సెక్కాలి. ఇంటికి కబురు కూడా పెట్టకుండా వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి వచ్చి, పక్కపక్కన కూచుని ఫొటో తీయించుకున్నారు. లేచేటప్పుడు ఆయన నా వైపు చూసి, "పదునెట్టేవోడివి నువ్వేనా? ఈపాలి నన్ను నా మానాన ఒగ్గీ" అన్నాడు. ఒగ్గేశాను.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. ఇప్పటి ఫోన్లు ఎవరూ అడక్కుండానే అన్నిటికీ పదును పెట్టేస్తున్నాయి, వాటిని చూస్తే అప్పటి నన్ను చూసినట్టే ఉంటుంది. ఎవరి కంటి కిందైనా తెల్లటి చుక్క కనబడితే మాత్రం నా చెయ్యి ఈనాటికీ ఆగుతుంది. ఆనాటి ఆ ఎడిటర్ ఎదురుపడితే, తుడిచే ముందు అదేమిటో ఒకసారి చూడమని చెప్పాలనిపిస్తుంది. వినడనుకోండి. బావ రెండుసార్లు చెబితేనే వినలేదు.