తిట్టుకుంటే బండి కదలదు

డ్రైవింగ్ నేర్పే వెర్లిన్ స్కోగెన్‌కు ఒకటే పిచ్చి. తన కారులో కూర్చుని ఎవరైనా తమను తాము తిట్టుకున్నారో, బండి రోడ్డు పక్కకు తీయించి నాలుగు లైట్లూ వేయించేవాడు. ఆ తిట్టుకు బదులు తమ గురించి ఒక మంచిమాట చెప్పుకునేదాకా చక్రం కదలదు. అదీ నిజమైన మాటై ఉండాలి. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరివాళ్లకు తమను తాము పొగుడుకోవడం కంటే జనవరిలో గడ్డకట్టిన చెరువులో స్నానం సులువు.

అరవై ఒక్కేళ్ల ఆర్డిస్ అతని దగ్గర చేరాక ఊరికి మంచి కాలక్షేపం దొరికింది. మొదటిరోజు మూడు మలుపుల్లో నాలుగుసార్లు "మొద్దుమొహాన్ని" అని తిట్టుకుంది.

"ఆపండి," అన్నాడు వెర్లిన్. "ఏదీ, ఒక మంచిమాట."

"నేను గొప్పగా నడుపుతాను."

"అబద్ధం. ఇంకోటి."

"నాకు కుడి ఎడమలు బాగా తెలుసు."

"అది ఇంకా పెద్ద అబద్ధం."

ఆర్డిస్ అద్దంలో వెనక రోడ్డు చూసుకుంది. "ఇవాళ ఎవరి మీదికీ ఎక్కించలేదు."

"అదీ మాట. పదండి."

కొన్నిసార్లు ఆవిడ నోరు మెదపకపోయినా, "మనసులో తిట్టుకున్నారు," అంటూ ఆపించేవాడు. లైట్లు మినుకుమంటూ ఆగిన కారు కనబడితే చాలు, అటుగా వెళ్లేవాళ్లు అద్దం దించి, "ఏం ఆర్డిస్, ఇవాళేమని తిట్టుకున్నావ్?" అని పలకరించేవారు.

ఆర్డిస్‌కు మాత్రం ఇది నవ్వులాట కాదు. భర్త లోవెల్‌కు వారానికి మూడుసార్లు డయాలసిస్, అదీ నలభై మైళ్ల అవతల. తీసుకెళ్తున్న పక్కింటాయన చలికి భయపడి నవంబరు రాగానే వెచ్చగా ఉండే అరిజోనా వెళ్లిపోతాడు. ఆర్డిస్ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోది అక్టోబరు ఆఖరి శుక్రవారం.

ఆ రోజు పరీక్షించే అధికారిణి పక్కనుండగా మొదటి మలుపే సరిగ్గా తిరగలేదు. "మొద్దు..." అంటూనే ఆర్డిస్ నాలుక కరుచుకుని, బండి పక్కకు తీసి, లైట్లు వేసింది.

"ఎందుకాపారు?"

"నన్ను నేను తిట్టుకున్నానమ్మా. ఒక్క నిమిషం." గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "మలుపు పాడుచేశాను. కానీ చేతులు వణికితే ఆగాలని నాకు తెలుసు."

అధికారిణి ఏదో రాసుకుంది. "వెర్లిన్ దగ్గర నేర్చారా? నాకూ ఆయనే నేర్పాడు. పోనివ్వండి."

ఈసారి పాసైంది. బయట ఎదురుచూస్తున్న వెర్లిన్‌ను నిలదీసింది.

"నేను నోరు మెదపకపోయినా చాలాసార్లు ఆపించారు. నా చేతులు చూసే కదూ? తిట్లు ఒట్టి సాకు."

వెర్లిన్ టోపీ సర్దుకున్నాడు. "మీకు భయమని నేనెప్పుడైనా అన్నానా?"

"అనలేదు."

"మరింకేం."

భయమని ఒప్పుకోవడం ఆ ఊళ్లో ఎంత సిగ్గో ఆర్డిస్‌కు తెలుసు. ఇన్నేళ్లుగా అందరి సిగ్గునూ తన పిచ్చి కింద దాచిన ఆ మనిషి మీద ఆవిడకు ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది.

పక్కింటాయన వెళ్లిన సోమవారం లోవెల్‌ను నలభై మైళ్లూ తనే తీసుకెళ్లింది. ఆసుపత్రి ముందు దిగి అతను తలుపు పట్టుకుని లోపలికి వంగాడు.

"పర్వాలేదు, బాగానే నడిపావ్," అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో అతని నోట అంత పొగడ్త రావడం అదే మొదటిసారి.

"అవును, బాగానే నడిపాను," అంది ఆర్డిస్.

ఎవరైనా విన్నారేమోనని లోవెల్ అటూ ఇటూ చూశాడు.