మత్తు దిగేవరకు అల్లుడే పెద్ద

పోయిన ఏడాది జనవరిలో ఈ అరబ్బు దేశపు ఫహాహీల్ బజారులో, మేమంతా రోజూ చేరే మలయాళీ టీ కొట్లో కూర్చుని ఉన్నాను. రాత్రి ఇషా నమాజు అయిపోయి చాలాసేపయింది, రోడ్డు మళ్లీ జనంతో నిండింది. గోడకున్న టీవీలో అమెరికా కొత్త అధ్యక్షుడి ప్రమాణస్వీకారం చూపిస్తున్నారు. కొట్లో వాళ్లంతా ఆ మనిషిని గురించి, ఇక పెట్రోలు ధర ఎటు పోతుందో, వీసాలు ఏమవుతాయో మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం మనిషిని వదిలేసి గోడ గడియారం చూస్తున్నాను. ఇక్కడ రాత్రి ఎనిమిదయితే అక్కడ మధ్యాహ్నం పన్నెండు. ముల్లు పన్నెండు మీదికి రాగానే, ప్రమాణం చేశాడో లేదో పనిలేదు, పాత ఆయన పెత్తనం ఖలాస్. ఇంత సంగతి ఎనిమిదో తరగతి తప్పిన నాకు ఎట్లా తెలుసంటే, మా చిన్నాయన చెప్పాడు.

చిన్నాయన అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మా పక్క ఊరి మనిషి, వరసకు అట్లా పిలిచేవాణ్ణి. ఇక్కడ ఒక బడిలో డ్రైవరుగా చేసేవాడు. ఆ బడిలో పాఠాలు చెప్పే ఒక అమెరికా పెద్దావిడను పొద్దున తీసుకెళ్లి సాయంత్రం ఇంటి దగ్గర దింపడం ఆయన పని. మేమందరం ఆమెను టీచరమ్మ అనేవాళ్లం, ఒక్కరమూ కళ్లతో చూసింది లేదు. ఆమె పిల్లలకు అమెరికా ప్రభుత్వం గురించి చెప్పేదట. బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ పాఠమే ఈయనకు చెప్పేది, మర్నాడు ఒప్పజెప్పించుకునేది. అట్లా పదేళ్లు చదివాడు మా చిన్నాయన. కడప జిల్లాలో తన మండలం ఎమ్మార్వో ఎవరో తెలియదు గానీ, అమెరికా అధ్యక్షుడు పోతే ఉపాధ్యక్షుడు, ఆయనా పోతే కింది సభ స్పీకరు, తర్వాత సెనేట్‌లో పెద్దాయన, ఆ తర్వాత విదేశాంగ మంత్రి అని వేళ్లు మడుస్తూ గడగడా చెప్పేవాడు.

మా రూము బజారు వెనక పాత బిల్డింగులో మూడో అంతస్తు. ఏడుగురం, ఏడు మంచాలు, ఒకటే పొయ్యి. రూముకు చిన్నాయన పెద్ద. ఈరోజు వంట ఎవరిది, ఏసీ ఎప్పుడు వెయ్యాలి, ఊరినుంచి వచ్చిన చుట్టం ఎన్నాళ్లు ఉండొచ్చు, కిటికీ పక్క మంచం ఎవరిది, అన్నీ ఆయన మాటే. టీచరమ్మ చెప్పిన వాటిని మా మీద ప్రయోగం చేసేవాడు. అమెరికాలో పెద్దలంతా ఒకచోట చేరే రోజు ఒక మంత్రిని వేరేచోట దాచిపెడతారని విన్నప్పటి నుంచి, శుక్రవారం మేమంతా ఒకే వ్యానులో సముద్రం దగ్గరికి పోతే ఒకణ్ణి రూములో వదిలిపెట్టేవాడు. “అందురూ ఒకే బండిలో ఉంటే ఎట్లప్పా? ఊరికి ఫోను చేసి చెప్పేదానికైనా ఒకడు మిగలాల గదా!” అనేవాడు. ఆ మిగిలే మంత్రి పదవి ఎక్కువసార్లు నాకే దక్కేది. నేను కిటికీలోంచి వ్యాను వంక చూస్తూ ఉల్లిగడ్డలు తరుక్కునేవాణ్ణి.

నాకు దక్కడానికి కారణం ఉంది. నేను అల్ రాయ్‌లో ఒక గ్యారేజీలో కార్ల సొట్టలు తీసే పని చేసేవాణ్ణి. చాలా ఏళ్ల కిందట ఆ గ్యారేజీ మూతపడింది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఇంకో కఫీల్, అంటే వీసా చూసే ఇంకో యజమాని కిందికి మారాలంటే కాగితాలు కదలాలి, అవి కదలలేదు. నాలుగు నెలలు పనిలేకుండా మంచం మీద కూర్చున్నాను. పని పోయినవాడి మంచం కదపకూడదని చిన్నాయన పెట్టిన చట్టం. అది ఉండబట్టి నేను ఉన్నాను, లేకపోతే ఎక్కడికి పోవాలో నిజంగా తెలియదు. చిన్నాయన సొంత అల్లుడు కూడా మా రూములోనే ఉండేవాడు. అతనికి ఆ చట్టం నచ్చలేదు. అతని తమ్ముడికి వీసా వచ్చింది, దిగగానే పడుకోవడానికి మంచం కావాలి. అల్లుడు చెడ్డవాడు కాదు, నన్ను “అన్నా” అనే పిలిచేవాడు. కానీ అన్నం తింటూ నా మంచాన్ని ఒకసారి పొడుగు, ఒకసారి వెడల్పు చూసేవాడు.

ఆ రోజుల్లోనే చిన్నాయనకు కడుపులో నొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ అన్నారు. ముందురోజు సాయంత్రం ఆయన మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. అధ్యక్షుడికి పేగుల పరీక్ష కోసం మత్తు ఇవ్వాల్సి వస్తే, ఆయన సభల పెద్దలిద్దరికీ కాగితం రాసి పెత్తనం ఉపాధ్యక్షుడికి అప్పగిస్తాడని, మత్తు దిగాక ఇంకో కాగితం రాసి వెనక్కి తీసుకుంటాడని చెప్పాడు. అంత పెద్ద మనిషికి కూడా కడుపులోకి గొట్టం పెట్టి చూస్తారా అని మేము ఆశ్చర్యపోయాం. అమ్‌ఘరాలో తుక్కు సామాను యార్డులో పనిచేసే రాయచోటి భాయ్, చిన్నాయన తర్వాత మాలో పెద్దవాడు, నవ్వి అడిగాడు.

“అయితే రేపు నువ్వు గూడా కాగితం రాచ్చావా మామా?”

“రాసేసినా. సూది పొడిచిన నిమిషం నుంచి నేను పెద్దను కాదు. కుర్చీ ఒక్క నిమిషం గూడా ఖాళీగా ఉండగూడదు” అన్నాడు చిన్నాయన.

“ఎవుర్ని రాసినావు?”

“సూది పొడిచినాక తెలుచ్చాది. ముందే చెప్తే ఈ రాత్రికే మీరు నా మాట వినరు.”

ఆయన చేసిన పొరపాటల్లా ఒకటే. మత్తు ఇచ్చిన టైము పైన వేయించాలని, కాగితం పెట్టిన కవరు తీసుకెళ్లి ఆపరేషన్‌కు ముందు నర్సు చేతిలో పెట్టాడు. టైము వేసి మావాళ్లకు ఇవ్వమని తెలుగులో చెప్పాడు. పదేళ్లు టీచరమ్మ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషంతా భయానికి ఎటో పోయింది. ఆమె మలయాళీ. టైము వేయమన్న సైగ అర్థమైంది, మిగతాది కాలేదు. టైము వేసి కవరును ఫైల్లో పెట్టేసింది. ఆపరేషన్ అయ్యాక లోపల చీము పట్టి జ్వరం ఎక్కువయింది. చిన్నాయనను ఐసీయూలో ఉంచారు, నోట్లో గొట్టం, మాట లేదు. ఆయనకు ఏమవుతుందోనన్న దిగులు ఒకపక్క, పెద్ద లేని రూము ఒకపక్క.

మూడో రోజుకు రూములో రెండు వంటలు మొదలయ్యాయి. తమ్ముడు శుక్రవారం దిగుతున్నాడని అల్లుడు అందరికీ వినిపించేట్టు చెప్పాడు. మామ తర్వాత నేనే కదా అన్నాడు. వయసులో నేను పెద్ద అన్నాడు భాయ్. ఒకళ్లు ఏసీ వేస్తే ఇంకొకళ్లు తీసేవాళ్లు. ఏడుగురు ఒక గిన్నెలో తిన్న రూము అది, ఇట్లా అయ్యేసరికి నాకు ఏడుపొచ్చింది. చివరికి భాయ్ గట్టిగా అన్నాడు.

“మామ కాగితం రాసినాడు. అది దొరికేదాకా ఎవురూ ఎవురి మంచం కదపగూడదు. ఆస్పత్రికి ఎత్తకపోయినట్టుండాడు, నువ్వు ఊరికే ఉండావు గదా, ఆడికి పోయి తీస్కరాపో” అన్నాడు నాతో.

ఆస్పత్రిలో గంటన్నర తిరిగాక, ఆపరేషన్ రోజు డ్యూటీలో ఉన్న ఆ నర్సు దొరికింది. ఫైలు తిరగేసి కవరు తీసి, “క్యా హై యే? వసీయత్ హై క్యా?” అని కోప్పడింది. వీలునామా కాదని హిందీలో ఎట్లా చెప్పాలో తెలియక తల అడ్డంగా ఊపాను. కవరు మీద ఆమె చేతిరాతతో తొమ్మిది పది అని టైము ఉంది. దాన్ని జేబులో పెట్టుకుని బస్టాపు దాకా వచ్చాను. మూత సరిగ్గా అంటుకోలేదు. చదవకూడదని తెలుసు, చదివాను. ‘నాకు మత్తు దిగే వరకు మా అల్లుడు రూముకు పెద్ద. ఆయన మాట అందరూ వినవలెను. మత్తు దిగినాక ఇంకో కాగితము రాసి నా పెత్తనము నేను తీసుకుంటాను.’ కింద సంతకం. నా గురించి ఒక్క ముక్క లేదు.

ఆ కాగితం చేతిలో పట్టుకుని రెండు బస్సులు వదిలేశాను. చిన్నాయన మీద చాలా కోపం వచ్చింది. అల్లుడు నా మంచం మీద కన్నేశాడని ఆయనకు తెలియదా? అంతా తెలిసి అతని చేతిలోనే ఎందుకు పెట్టాడు? దొరకలేదని చెప్పేస్తే అయిపోయేది. రోడ్డు దాటితే సముద్రం, చింపి పారేస్తే అడిగేవాడు లేడు. ఎందుకు చింపలేదంటే గొప్పలు చెప్పుకోను. నర్సు చెప్పేస్తుందేమోనని భయం కొంత ఉంది. దానికంటే ఎక్కువ, ఆ అక్షరాలు చూస్తే చెయ్యి రాలేదు. నలభై దాటాక రూములో మా దగ్గర కూర్చుని నేర్చుకున్న అక్షరాలవి. ‘ఋ’ వరకు నేనే దిద్దించాను. లోపల గొట్టాలతో పడుకున్న మనిషి మాట చింపడం నా వల్ల కాలేదు. మూడో బస్సు ఎక్కాను.

రూములో అందరూ ఎదురుచూస్తున్నారు. కవరు భాయ్ చేతికిచ్చాను, ఆయన అల్లుడికిచ్చి చదవమన్నాడు. అల్లుడు పైకి చదువుతూ తన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. మళ్లీ మొదటినుంచి మెల్లగా చదివాడు. భాయ్ లేచి ఏసీ రిమోటు తెచ్చి అతని ముందు పెట్టాడు. అల్లుడు దాన్ని ముట్టుకోకుండా నావైపు చూశాడు.

“నువ్వు చదివినావా అన్నా?”

“చదివినా.”

“చదివి గూడా తెచ్చినావా?”

నేను సంచి సర్దుకోవాలని మంచం కిందికి చెయ్యి పెట్టాను. అల్లుడు ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి పోయాడు. తలుపు తెరిచే ఉంది, అందరికీ వినిపించింది. “నువ్వు వేరే రూము చూస్కోవాల్రా. ఈడ మంచం ఖాళీ లేదు... మామ లేకపోతే ఏమిరా, నేను చెప్తాండా గదా! రూముకు నేనే పెద్దను. నా తమ్ముడని వేరేవాణ్ణి లేపితే రేపు నా మాట ఎవుడు వింటాడు?” లోపలికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా రెండు గిన్నెల్లోని బియ్యమూ ఒక గిన్నెలో పోసి కడగడం మొదలుపెట్టాడు. నేను మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. భాయ్ మందలించాడు, “యల్లా, లేసి ఉల్లిగడ్డలు తరుగుపో” అని.

చిన్నాయన పద్దెనిమిది రోజులకు రూముకు వచ్చాడు, సగం మనిషయి. అల్లుడు ఆ సాయంత్రమే తెల్లకాగితం, పెన్ను ఆయన ముందు పెట్టాడు. చిన్నాయన వాటిని పక్కకు జరిపి, “నాకింకా మత్తు దిగలేదప్పా” అన్నాడు. మర్నాడూ అదే మాట, నెల తర్వాతా అదే మాట. కూరలో ఉప్పెక్కువైనా నోరు మెదిపేవాడు కాదు. ఉక్కపోస్తే “ఏసీ ఎయ్యమంటావా?” అని అల్లుణ్ణి అడిగేవాడు. ముందు మేము నవ్వాం, తర్వాత అలవాటు పడ్డాం. నా కాగితాలు ఇంకో రెండు నెలలకు కదిలాయి, వేరే గ్యారేజీలో చేరాను. ఎండాకాలం రాకముందే చిన్నాయన ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి పోయాడు. ఎయిర్‌పోర్టులో ఆయన్ను అడిగాను, నా మంచం సంగతి తెలిసి కూడా అట్లా ఎందుకు రాశావని. “వాడు అడిగేవాడుగా ఉన్నన్నాళ్లు నీ మంచం అడుగుతానే ఉంటాడు. ఇచ్చేవాడయినాక యోచన చేస్తాడని అనుకుంటి” అన్నాడు. సంచి చేతిలోకి తీసుకుంటూ, “నాకూ భయంగానే ఉన్నింది లేరా” అన్నాడు.

చిన్నాయన ఊరినుంచి ఫోను చేసినప్పుడల్లా అల్లుడు “మత్తు దిగిందా మామా?” అని అడిగేవాడు, లేదనే జవాబు వచ్చేది. ఆ జవాబు చెప్పే గొంతు రెండేళ్ల కిందట ఆగిపోయింది. రూముకు ఇప్పటికీ అల్లుడే పెద్ద. మత్తు దిగేవరకని చేతికిచ్చిన పెత్తనానికి పన్నెండేళ్లు, రెండేళ్లకని విమానమెక్కిన నాకు ఇరవై ఏడేళ్లు. ఈ దేశంలో మా దగ్గరికి కాలం కూడా మాలాగే కొన్నాళ్లకని వచ్చి, పోతాపోతానంటూ ఇక్కడే ఉండిపోయింది.